రఘునాథుని వీణ

ఈ ఆదివారం పూజ ముగిశాక మీ పూజామందిరంలోని సరస్వతీదేవి పటాన్ని ఒక్కసారి తేరిపార చూడండి. అమ్మవారి ఒడిలో ఒదిగిన వీణకు ఒక చివర గుండ్రని కుండ, మరో చివర యాళి ముఖం, దానికి దిగువన బుర్ర, మధ్యలో పొడవైన దండి, దండి మీద వరుసగా మెట్లు కనిపిస్తాయి. చిత్రకారుడు శ్రద్ధాళువైతే ఆ మెట్లు సరిగ్గా 24 ఉంటాయి. సృష్ట్యాది నుంచి అమ్మ చేతిలో ఉన్నది ఈ వీణే అని మనం అనుకుంటాం. ప్రాచీన దేవాలయాల శిల్పాలలో మాత్రం శారదాంబ చేతి వీణ ఇలా ఉండదు. దండానికి ఒకటో రెండో సొరకాయ బుర్రలు కట్టిన వాద్యం అక్కడ కనిపిస్తుంది. మనకు చిరపరిచితమైన ఈ రూపం స్థిరపడి సుమారు నాలుగు వందల ఏళ్ళు అయింది. స్థిరపడిన చోటు కావేరీ తీరంలోని తంజావూరు. స్థిరపరచిన ఘనతను సంప్రదాయం ఒక తెలుగు రాజుకు ఇచ్చింది. ఆయన రఘునాథ నాయకుడు.

తంజావూరు నాయక రాజులలో రఘునాథుడు మూడవవాడు. తాత సేవప్ప నాయకుడు విజయనగర ప్రభువుల ప్రతినిధిగా ఆ సీమకు వచ్చి 1532 ప్రాంతంలో రాజ్యం నెలకొల్పాడు. తండ్రి అచ్యుతప్ప నాయకుడు శ్రీరంగనాథుని పరమభక్తుడు. ఆయన జీవించి ఉండగానే 1600లో రాజ్యభారం కుమారుని భుజాల మీదికి వచ్చింది. అప్పటి నుంచి 1634 వరకు, అంటే 34 సంవత్సరాలు రఘునాథుడు పాలించాడు. తమిళదేశం నడిబొడ్డున ఉన్న ఆ రాజసభలో కావ్యాలు తెలుగులో వెలిశాయి, శాస్త్రాలు సంస్కృతంలో వెలిశాయి. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ రాజుకే. రామభద్రాంబ అనే విదుషి ఆయన చరిత్రను రఘునాథాభ్యుదయమనే సంస్కృత మహాకావ్యంగా రచించింది. ఆయన తెలుగులో రాసిన రామాయణాన్ని మధురవాణి సంస్కృతీకరించింది. ఆమె వీణావాదనలోనూ ప్రవీణురాలని ప్రసిద్ధి. కవులను పోషించడంతో ఆగక రాజు స్వయంగా వాల్మీకిచరిత్ర, శృంగారసావిత్రి మొదలైన కావ్యాలు రచించాడు. వేటగాడు మహర్షిగా మారిన కథను ఒక రాజు ఏరికోరి కావ్యవస్తువుగా తీసుకున్నాడంటే ఆయన మనసు ఎటు మొగ్గిందో మీరే ఊహించవచ్చు.

అయితే ఆయన జీవితం కేవలం కావ్యగోష్ఠి కాదు. 1614లో విజయనగర చక్రవర్తి వేంకటపతి రాయలు గతించాక వారసత్వం కోసం ఘోరకలహం చెలరేగింది. జగ్గరాయడనే సామంతుడు సింహాసనం ఎక్కిన శ్రీరంగరాయలను కుటుంబంతో సహా సంహరింపజేశాడు. బతికి బయటపడిన బాలుడు రామదేవరాయలు ఒక్కడే. వెలుగోటి యాచమ నాయకుడు ఆ పసివాణ్ణి కాపాడి, అతని పక్షాన నిలవమని కోరగా ముందుకు వచ్చినవాడు రఘునాథుడు. మధుర, చెంజి నాయకులు అవతలి పక్షం చేరారు. 1616లో కావేరి మీది కల్లణై ఆనకట్టకు చేరువలో, తోపూరు వద్ద మహాయుద్ధం జరిగింది. జగ్గరాయడు హతుడయ్యాడు. తండ్రిలేని ఆ బాలుడికి పట్టాభిషేకం జరిగింది. ఇది జరిగిన నాలుగేళ్ళకు, 1620లో, సముద్రం దాటి వచ్చిన డెన్మార్కు దేశస్థులకు తరంగంబాడిలో వర్తకం చేసుకోవడానికి ఆయన అనుమతి ఇచ్చాడు. ఆ సందర్భంలో బంగారు రేకు మీద రాయించిన లేఖ నేటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది.

ఇక్కడ మీకొక వైదిక విషయం మనవి చేయాలి. అశ్వమేధ యాగంలో వీణాగాథులని ఇద్దరు ఉంటారు. పగటివేళ బ్రాహ్మణుడు వీణ మీటుతూ యజమాని చేసిన యజ్ఞాలను, దానాలను గానం చేస్తాడు. రాత్రివేళ రాజన్యుడు అదే వీణ మీద అతడు చేసిన యుద్ధాలను, గెలుపులను గానం చేస్తాడు. తైత్తిరీయ బ్రాహ్మణం ఈ విధిని వివరిస్తుంది. రఘునాథుని చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే గుర్తుకు వస్తుంది. ఆయన గురించి పగలు పాడవలసినది ఉంది, రాత్రి పాడవలసినదీ ఉంది. విశేషమేమంటే ఆ గానానికి ఆధారమైన వీణనే ఆయన చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన వీణలో నిష్ణాతుడు. జయంతసేన రాగం, రామానంద తాళం ఆయన కల్పనలని చెబుతారు. తాళానికి పెట్టిన పేరులో కూడా రాముణ్ణి విడువలేదు చూడండి. ఆయనకు మంత్రిగా, మార్గదర్శిగా నిలిచినవారు గోవింద దీక్షితులు. ముగ్గురు నాయక రాజులకు వరుసగా అమాత్యత్వం నెరపిన మహనీయులు వారు. కుంభకోణంలో మహామహం తటాకం చుట్టూ ఉన్న 16 మండపాలు వారు కట్టించినవే. అక్కడి రాజా వేదపాఠశాల వారు నాటిన మొక్క అని సంప్రదాయం. అద్వైతంలోనూ, మీమాంసలోనూ, సంగీతంలోనూ సమానమైన అధికారం గల ఆ దీక్షితులు ఒకవైపు, విల్లు పట్టిన చేతితో వీణ పట్టిన రాజు మరొకవైపు. వీరిద్దరి మధ్య సంగీతసుధ అనే గ్రంథం పుట్టింది. గ్రంథంలో కర్తగా రఘునాథుని పేరే కనిపిస్తుంది. దీక్షితుల కుమారుడు వేంకటమఖి మాత్రం అది తమ తండ్రిగారి రచన అని తన గ్రంథంలో స్పష్టంగా చెప్పాడు. పండితులు దీని మీద వాదులాడుకుంటూ ఉంటారు. నా మట్టుకు నాకు కుమారుని మాటే ప్రమాణంగా తోస్తుంది. అంతమాత్రాన రాజు అందులో లేడని అనలేం. వీణ తెలియని రాజు కోసం అంత లోతుగా వీణాశాస్త్రం రాయవలసిన అవసరం ఏ మంత్రికీ ఉండదు.

అసలు వీణకు వచ్చిన చిక్కు ఏమిటో మీకు తెలిస్తేనే ఆనాటి కృషి విలువ తెలుస్తుంది. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రచించాడు. అందులో వీణలను రెండు తీరులుగా చెప్పాడు. అన్ని రాగాలకూ సరిపడేలా మెట్లు కట్టినది సర్వరాగమేళ వీణ. ఒక్క రాగానికి కావలసిన స్వరాలకే మెట్లు కట్టినది ఏకరాగమేళ వీణ. రెండవ దానిలో రాగం మారితే మెట్లు కదపాలి. ఉదయం దేవుని సన్నిధిలో ఒక రాగం వాయించి, సాయంకాలం మరొకటి వాయించాలంటే మధ్యలో వీణను మళ్ళీ సవరించుకోవాలి. సవరించేది చెవి, జారేది మెట్టు. కాస్త తేడా వస్తే రాగస్వరూపమే చెడుతుంది. ఇక శిష్యుడి మాట చెప్పనక్కరలేదు. నిన్న షడ్జం పక్కన వేలు ఉంచిన చోట ఈరోజు మెట్టే ఉండదు. చేతికి అలవాటు కుదరని చోట విద్య ఎలా నిలుస్తుంది?

తంజావూరులో దీనికి పరిష్కారం దొరికింది. ఒక్కో స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు. ఒకసారి పెట్టాక ఇక కదలవు. ఏ రాగమైనా ఆ మెట్ల మీదనే పలకాలి. వేంకటమఖి తన గ్రంథంలో వీణాభేదాలను వివరిస్తూ శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణలతో పాటు రఘునాథేంద్ర మేళ వీణను కూడా పేర్కొన్నాడు. నేటి వీణ తంజావూరు వీణగా, రఘునాథుని వీణగా సంప్రదాయంలో నిలిచింది. గాయత్రికి 24 అక్షరాలు, వీణకు 24 మెట్లు అని పెద్దలు జతకట్టి చెప్పడం మీరు వినే ఉంటారు. ఆ పోలిక భక్తితో చేసినది. లెక్క మాత్రం చెవి నుంచి, చేతి నుంచి వచ్చినది.

ఆ చేతి పని ఎటువంటిదో కొంత చెబుతాను. వీణకు పనస మాను శ్రేష్ఠం. పురుగు పట్టదు, నాదం పలుకుతుంది. కోసిన మాను పచ్చిదనం పోయేవరకు ఆరాలి. తొందరపడి చెక్కితే తరువాత పగులుతుంది, లేదా వంగుతుంది. కుండ, దండి, యాళి కలిపి ఒకే మానులో చెక్కినది ఏకాండ వీణ. విడివిడిగా చెక్కి అతికినవీ ఉంటాయి. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనూ పనస మాను నుంచి వీణను తొలిచే విద్య తరతరాలుగా వస్తున్నది. ముందు బాడిసతో పైరూపు తెచ్చి, ఆ తరువాత ఉలితో కుండను లోపల నుంచి తొలుస్తారు. కుండ గోడ మందంగా ఉంటే నాదం మూగబోతుంది. మరీ పలచనైతే తీగల బిగువుకు నిలవదు. ఎక్కడ ఆపాలో వేలి కణుపుతో తట్టి, ఆ చప్పుడు విని తెలుసుకోవాలి. తొలిచిన కుండ మీద పలక మూస్తారు. పలక మీద గుర్రాన్ని నిలుపుతారు. తీగల బరువు మోసే ఆ చిన్న కొయ్య వంతెనకు మనవాళ్ళు పెట్టిన ముద్దుపేరు అది. దాని వీపు మీద లోహపు రేకు ఉంటుంది. బిరడలకు చుట్టిన ఏడు తీగలలో నాలుగు మెట్ల మీదుగా వెళ్తాయి. మూడు పక్కన ఉండి శ్రుతికి, తాళానికి పలుకుతాయి.

ఇంతవరకు వడ్రంగం. దీని తరువాత వచ్చేది మేళం కట్టడం. తేనెమైనంలో నల్లని పొడి కలిపి, దండికి రెండు అంచులా గట్టులుగా పోస్తారు. ఆ గట్ల మీద కంచు మెట్లను ఒక్కొక్కటే అడ్డంగా నిలుపుతారు. లెక్క ప్రకారం తీగ పొడవులో సగం దగ్గర పై షడ్జం పలకాలి. గుర్రం వైపు నుంచి మూడింట రెండు వంతుల దగ్గర పంచమం, నాలుగింట మూడు వంతుల దగ్గర శుద్ధ మధ్యమం పలకాలి. పై మెట్ల మధ్య ఎడం ఎక్కువ, గుర్రానికి దగ్గరయ్యే కొద్దీ తక్కువ. ఇంత తేలికైతే కొలబద్ద ఉన్న ప్రతివాడూ మేళం కట్టేవాడు.

నేనూ అలాగే భ్రమపడ్డాను. మా ఆలయంలో నవరాత్రులకు, మూలానక్షత్రం నాడు అమ్మవారి ముందు ఉంచే పాత వీణ ఒకటి ఉంది. ఒక వేసవిలో ఎండ వేడికి దాని మైనం మెత్తబడి మెట్లు ఒరిగాయి. వేదం చదువుకున్నవాణ్ణి, స్వరజ్ఞానం ఉన్నదనే ధీమాతో నేనే టేపు పట్టుకుని కూర్చున్నాను. సగానికి సగం, మూడింట రెండు వంతులు, అన్నీ కొలిచి నిలిపాను. మీటి చూస్తే ప్రతి స్వరమూ కాస్త పైకి పలికింది. అవమానం దిగమింగి పనివాణ్ణి పిలిపించాను. అతడు నా గీతలన్నీ చూసి నవ్వాపుకుని, అసలు కారణం విప్పి చెప్పాడు. వేలితో నొక్కినప్పుడు తీగ కిందికి వంగి సాగుతుంది. సాగిన తీగ హెచ్చుగా పలుకుతుంది. పైగా నాలుగు తీగలూ ఒకే లావు కావు. ఒకే మెట్టు నలుగురికీ న్యాయం చేయాలి. అందుకే కొలత ఒకచోట చెబితే చెవి మరోచోట చెబుతుంది, చెవి మాటే నెగ్గాలి. అతడు మైనాన్ని వేడిచేసి, ఒక్కొక్క మెట్టునూ వెంట్రుకవాసి జరుపుతూ, మీటుతూ, మళ్ళీ జరుపుతూ ఒక పూటంతా గడిపాడు. అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. జపం చేసుకునేవారి పక్కన కూర్చున్నట్టే ఉండింది నాకు.

ఒక వీణకే ఇంత శ్రమ. అన్ని రాగాలకూ చాలేలా 24 స్థానాలు ఇవేనని మొట్టమొదట తేల్చడానికి ఎన్ని పూటలు పట్టి ఉంటాయో ఆలోచించండి. ఎన్ని మెట్లు నిలిపి తీసివేశారో, ఎంత మైనం కరిగించారో! గ్రంథాలలో రాజు పేరు ఉంది, మంత్రి పేరు ఉంది, మంత్రి కుమారుని పేరు ఉంది. కొయ్య తొలిచిన విశ్వకర్మ వంశీయుని పేరు ఎక్కడా లేదు. రాజు పాడి వినిపించి ఉంటాడు, దీక్షితులు శాస్త్రం విప్పి ఉంటారు, మెట్టును కదిపిన చేయి మాత్రం ఆ వడ్రంగిదే. రఘునాథుని వీణ అన్నప్పుడల్లా ఆ పేరులేని మనిషికి కూడా మనసులో ఒక నమస్కారం చేయడం నాకు అలవాటైంది.

మెట్లు కదలకుండా నిలిచాక ఏం జరిగిందో చూడండి. షడ్జానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య నాలుగు మెట్లు ఉంటాయి. వాటిలో ఏ రెండింటిని రిషభ గాంధారాలుగా తీసుకున్నా మొత్తం ఆరు జతలు వస్తాయి. పంచమానికీ పై షడ్జానికీ మధ్య కూడా నాలుగే మెట్లు. అక్కడా ధైవత నిషాదాలకు ఆరు జతలు. ఆరింటిని ఆరుతో హెచ్చిస్తే 36. మధ్యమానికి రెండు మెట్లు కాబట్టి 36కు రెట్టింపు 72. వేంకటమఖి 72 మేళాలను లెక్కగట్టింది ఇలాగే. రఘునాథుని కుమారుడు విజయరాఘవ నాయకుని ప్రోత్సాహంతో ఆయన రచించిన చతుర్దండీప్రకాశికలో ఇది ఉంది. తన కాలంలో వాడుకలో ఉన్న మేళాలు 19 మాత్రమేనని ఆయనే చెప్పాడు. మిగిలినవి రాబోయే కాలానికి అన్నమాట. మేళమంటే మెట్ల కట్టు, మేళమంటే స్వరాల కూర్పు. మాట ఒకటే కావడం కాకతాళీయం కాదు.

మెట్లు బిగిస్తే రాగం బందీ అయిపోదా అని మీలో సంగీతం తెలిసినవారికి సందేహం రావచ్చు. వైణికుని ఎడమచేతిని గమనించండి. మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగుతాడు. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాల దూరం వరకు నాదం పాకుతుంది. గమకమంతా ఆ లాగడంలోనే ఉంది. మెట్టు స్థిరం, నాదం చరం. ఐతరేయారణ్యకంలో ఋషి మానవ శరీరాన్నే దైవీ వీణ అన్నాడు. మనం చేసే కొయ్య వీణ దానికి అనుకరణ అని, దానికున్నట్టే దీనికీ శిరస్సు, ఉదరం ఉన్నాయని వివరించాడు. ఎముకలు కదలవు, ప్రాణం కదులుతుంది. ఈ పోలిక ఋషిది కాదు, ఆ పనివాడి పక్కన కూర్చున్న పూట నాకు తోచినది.

రఘునాథుడు 1634లో కాలధర్మం చెందాడు. ఆయన కుమారుడు విజయరాఘవుడు కూడా కవి, యక్షగానకర్త. తండ్రి దినచర్యను, వైభవాన్ని రఘునాథనాయకాభ్యుదయమనే ద్విపదగా రాశాడు. 1673లో మధుర సేన తంజావూరును ముట్టడించినప్పుడు ఆ వృద్ధరాజు కత్తి పట్టి కదనరంగంలో నేలకొరిగాడు. ఆయన ఆనతి మేరకు అంతఃపురం మందుగుండుతో పేలిపోయింది. కవయిత్రులు, వైణికురాండ్రు తిరుగాడిన ఆ లోగిళ్ళలో ఒక వంశం ఒక్కనాటితో అంతమైంది. కొద్ది ఏళ్ళకే భోసలే వంశీయుడు ఏకోజీ తంజావూరుకు అధిపతి అయ్యాడు. ప్రభువులు మారారు, భాష మారింది, పన్నులు వసూలు చేసేవారు మారారు. పనస మాను తొలిచేవారి ఉలి మాత్రం ఆగలేదు. నూరేళ్ళ తరువాత ఆ సీమలోనే తిరువారూరులో పుట్టిన ముత్తుస్వామి దీక్షితులు ఆ 24 మెట్ల మీదనే వేళ్ళు ఉంచి, వేంకటమఖి సంప్రదాయాన్ని అనుసరించి కీర్తనలు కట్టారు.

మీరు కుంభకోణం యాత్రకు వెళ్ళినప్పుడు రామస్వామి దేవాలయాన్ని తప్పక దర్శించండి. అది రఘునాథుని కాలపు నిర్మాణం. మండపం స్తంభాల మీద శిల్పాలు అపురూపంగా ఉంటాయి, ప్రాకారం గోడల మీద రామాయణమంతా చిత్రాలుగా ఉంటుంది. ఎక్కువమంది వాటిని చూసుకుంటూ వెళ్ళి, గర్భాలయంలో హారతి అందుకుని తిరిగి వస్తారు. మీరు కాసేపు ఆగండి. లోపల సీతారాములు ఒకే పీఠం మీద పట్టాభిషిక్తులై కూర్చుని ఉంటారు. తమ్ముళ్ళు ముగ్గురూ సేవలో నిలిచి ఉంటారు. పాదాల చెంత హనుమంతుడు ఉంటాడు. మన ఊళ్ళలో అంజలి ఘటించో, గద పట్టుకునో కనిపించే స్వామి అక్కడ ఒక చేత రామాయణ గ్రంథం పట్టుకుని ఉంటాడు. రెండవ చేతిలో వీణ ఉంటుంది.